డకోటా పెద్దక్క ఆచూకీ

ఫిబ్రవరి 4, 1961. రెంటచింతల

పెద్దక్కను తుక్కు చెయ్యలేదు!

పొద్దున బడిలో డ్రిల్లు చేయిస్తుంటే పోస్టుమాన్ కార్డు తెచ్చిచ్చాడు. నరసరావుపేట నుంచి వెంకటాద్రి సెట్టిగారు. "మీ విమానం తుక్కు జాబితాలో లేదు. అమ్మకం జాబితాలో ఉంది. వస్తే చూపిస్తాను. కాగితాలు మాత్రం చేతికివ్వను." అంతే రాశాడు మహానుభావుడు. నాకు ఒళ్ళు తెలియలేదు. పిల్లలను నడవమన్నానే గాని ఆగమనడం మరిచిపోయాను. ముందు వరసవాళ్ళు కంచె దాకా పోయి అక్కడే కాళ్ళు ఆడిస్తూ నిలబడ్డారు. ఫాదరు గారు వరండాలోంచి చూసి తల పట్టుకున్నారు.

పెద్దక్క అంటే యుద్ధంలో మా డకోటా విమానం. నలభై నాలుగులో పదకొండు నెలలు కొమిల్లా నుంచి బర్మా అడవుల మీదికి పటాలానికి బియ్యం మోసింది. ముందు కూచుని నడిపేది తెల్లవాళ్ళు. వెనకాల తలుపు దగ్గర బస్తాలు తోసేది మేం ముగ్గురం. నేను, మాచర్ల జిలానీ, మా ఊరి యోహాను. ఎందుకు పెద్దక్క అన్నామంటే, మమ్మల్ని కుదేసి, తిట్టి, మళ్ళీ ఇంటికి తెచ్చి దించేది కాబట్టి.

యోహానును ఒక్కణ్ణే తేలేదు.

ఇప్పుడెందుకు వెతుకుతున్నానో ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. పది రోజుల కింద కళ్ళంలో మిరపకాయలు ఎండబోసే దగ్గర నాకూ రాహేలుకూ మాటా మాటా వచ్చింది. దేనికో కూడా గుర్తులేదు. మధ్యలో ఆగి, "ఆ రోజు యోహానుకు తాడు కట్టాల్సింది నువ్వే గదా. కట్టావా?" అన్నది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట అడగడం అదే మొదలు.

రాహేలు యోహాను భార్య. అతను పోయిన మూడేళ్ళకు నేను చేసుకున్నాను. దయామణి అతని కూతురే. అసలు వాళ్ళింటికి ముందు సంబంధం అడగబోయింది నేను. వాళ్ళు యోహానుకిచ్చారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. కాబట్టి "కట్టావా" అన్న మాట వెనక ఏముందో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కట్టాను. తలుపులోంచి పడిపోకుండా నడుముకు కట్టే తాడది. దాన్ని తగిలించిన గోడ రింగే ఊడి వచ్చేసింది, తాడుతో సహా పోయాడు. పెద్దక్క దొరికితే రింగు ఊడినచోట రేకు మాసిక ఉంటుంది. తీసుకెళ్ళి చూపిస్తాను. బైబిలు మీద ప్రమాణాలూ అవీ ఏమీ అక్కర్లేదు.

ఫిబ్రవరి 5

రింగు ఊడింది. నేను చూశాను.

ఫిబ్రవరి 19

నరసరావుపేట వెళ్ళొచ్చాం. జిలానీ సాగర్ డ్యాం దగ్గర క్రేను నడుపుతాడు, సెలవు పెట్టి వచ్చాడు. దారి పొడుగునా ఇద్దరం బస్సులో ఎంత గట్టిగా మాట్లాడామంటే, పిడుగురాళ్ళలో ఒక ముసలామె "విమానం మీ సొంతమా అయ్యా?" అని అడిగింది. అవునన్నాడు జిలానీ.

సెట్టిగారిది ఇప్పుడు గుడ్డల కొట్టు. యుద్ధంలో మా కంపెనీ గుమాస్తా. ఏ విమానంలో ఎవరెక్కారు, ఎన్ని బస్తాలెక్కాయి, అన్నీ ఆయనే రాసేవాడు. తాను మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ రాతలన్నీ తానులకు చుట్టినట్టు గుడ్డలో చుట్టి దాచాడు. ముట్టుకోనివ్వడు. తానే పేజీ తిప్పుతాడు, మనం మెడ చాచి చూడాలి.

పెద్దక్కను నలభై ఆరులో కలకత్తా కంపెనీ ఒకటి కొన్నది. అది చూసి జిలానీ సెట్టిగారిని ఎత్తి గిరగిరా తిప్పాడు. బేరానికొచ్చిన ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

తర్వాత నేనే అడిగి డిసెంబరు 23 పేజీ తీయించాను. "సిపాయి యోహాను, గోడ రింగు ఊడుటచే తలుపునుండి జారిపడి మరణించెను." సెట్టిగారి చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు.

"చూశావా జిలానీ, రాసి ఉంది!" అన్నాను.

జిలానీ బీడీ కోసమని బయటికి పోయాడు. సెట్టిగారు కళ్ళజోడు తీసి, "నువ్వొచ్చి చెప్పిందేగా నాయనా నేను రాసింది" అన్నాడు.

అయితే మాత్రం? రాసి ఉండటం రాసి ఉండటమే.

ఫిబ్రవరి 20

రాహేలుకు చెప్పాను, పుస్తకంలో ఉందని. "పుస్తకం సంగతి నేనడిగానా?" అన్నది. అని చేటతో లోపలికి పోయింది.

మార్చి 8

కలకత్తా నుంచి జవాబు! నలుగురికి రాస్తే ఒకడు రాశాడు. అక్కడి మెకానిక్కు ముసలాయన. రంగూ, బయటి నంబరూ మార్చేసినా పెద్దక్కను గుర్తుపట్టడానికి ఒక్కటే దారి. తలుపు పైన లోపలివైపు ఫ్యాక్టరీ వాళ్ళు బిగించిన చిన్న రేకు ఉంటుంది, దాని మీద నంబరు. దాన్ని మేమెట్లా మరిచిపోతాం? వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళతో బస్తాలు తోసేవాళ్ళం, కళ్ళెదురుగా ఉండేది ఆ రేకే. చివర ఆరు, మూడు, ఎనిమిది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ ముసలాయన కూడా ఆ రేకును తుడిచినవాడే! పెద్దక్క నలభై ఏడులో శరణార్థులను మోసిందట. కూచునే బల్లలు పీకేసి కింద కూచోబెట్టి, ఇరవై ఎనిమిది మంది పట్టేచోట డెబ్బై మందిని. ఒక తల్లి అందులోనే ప్రసవించిందట. ఆ తర్వాత అస్సాం నుంచి అనాసపళ్ళు మోసింది. మా పెద్దక్క, అనాసపళ్ళు! భోజనం దగ్గర చెప్తే రాహేలు కూడా నవ్వింది. నవ్వి, "ఆమె పిల్ల బతికిందా?" అని అడిగింది. ఉత్తరంలో ఆ సంగతి లేదు.

రింగు ఊడినప్పుడు చప్పుడు కూడా అయింది. గట్టిగానే అయింది. రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 31. మంచి శుక్రవారం

ఉపవాసం. గుళ్ళో సిలువ మార్గం పద్నాలుగు స్థలాలు తిరుగుతూ పెద్దక్క గురించే ఆలోచించాను. దేవుడు క్షమించాలి.

ఏప్రిల్ 16

బొంబాయి! పెద్దక్క బొంబాయి పోయింది. ఎండ రెంటచింతలలో అప్పుడే నిప్పులు కురుస్తోంది, అయినా ఉత్తరం పట్టుకుని సైకిలు మీద మాచర్ల పోయాను. జిలానీ బనీను మీదే బయటికొచ్చాడు. యాభై రెండు నుంచి మూడేళ్ళు హజ్ యాత్రికులను మోసిందట పెద్దక్క.

"మా పెద్దమ్మ యాభై మూడులో పోయింది గదరా హజ్‌కి!" అన్నాడు.

"ఓడలో పోయిందేమో?"

"ఓడా లేదు గీడా లేదు. విమానమే. ఊపి ఊపి సంపిందని వచ్చినకాడ్నించి ఒకటే తిట్టింది. మన పెద్దక్కేరా, ఇంకెవరు ఊపుతారు అట్టా!"

ఇద్దరం వాకిట్లో పడీ పడీ నవ్వాం. అతని భార్య మున్నీ మజ్జిగ తెచ్చిచ్చి, "ఎండదెబ్బ గాని తగిలిందా మీకు?" అన్నది. బొంబాయి నుంచి పెద్దక్కను హైదరాబాదు వైపు పంపారట, తర్వాతి సంగతి ఉత్తరం రాసినవాళ్ళకు తెలియదట. బేగంపేట విమానాశ్రయంలో జిలానీ బావమరిది మన్సూర్ పని చేస్తాడు. అతనికి అక్కడే కార్డు రాశాం.

వచ్చేముందు జిలానీ సైకిలు హ్యాండిలు పట్టుకుని, "శౌరీ, దొరికిందనుకో. దొరికినాక ఏం చేస్తావు?" అన్నాడు.

"మాసిక చూస్తాను."

"అంతేనా?"

"ఇంకేంది?"

వదిలేశాడు. ఆ రింగుకు నాలుగు మేకులు. ఊడినప్పుడు ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా బూటుకు తగిలింది. ఇంత స్పష్టంగా గుర్తున్నది అబద్ధమెట్లా అవుతుంది?

ఏప్రిల్ 29

638! 638! 638!

మెకానిక్కు పని నేర్చుకునే కుర్రాళ్ళు విప్పి బిగించడానికని ఒక పాత డకోటాను షెడ్డు పక్కన పడేశారట. మన్సూర్ నిచ్చెన వేసి తలుపు పైన రేకు తుడిచి చూశాడు. బతికే ఉంది మా తల్లి!

మే 4

రేపు ప్రయాణం. సెట్టిగారు కొట్టు తమ్ముడికప్పగించి తానూ వస్తానని తంతి ఇచ్చాడు. తంతి!

రాహేలు జొన్నరొట్టెలు కాల్చి, పండుమిరపకాయ పచ్చడి సీసాకెత్తి ఇచ్చింది. మూటకట్టేటప్పుడు నా మొహం చూడకుండా, "ఏదుంటే అది చెప్పు. నాకోసం తియ్యగా చెయ్యబాక" అన్నది.

చూసి రావడమే ఆలస్యం. ఇక ఆ ప్రశ్న ఉండదు.

మే 7. హైదరాబాదు, మన్సూర్ ఇల్లు

మధ్యాహ్నం మూడింటికి వచ్చి కూచున్నాను. వాళ్ళిద్దరూ టీకి పోయారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాగర్ దగ్గర కృష్ణ దాటేటప్పుడు జిలానీ తన క్రేను చూపించి గొప్పలు పోయాడు. సెట్టిగారు మాత్రం బస్సుకే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "విమానం ఎక్కకపోవడమే మంచిదైంది సెట్టిగారూ" అని జిలానీ ఏడిపించాడు.

షెడ్డు మలుపు తిరగ్గానే కనపడింది. ఇంజన్లు లేవు. ఒక రెక్క లేదు. వెండి రంగు పెచ్చులు లేచి కింద మా పాత ఆకుపచ్చ కనపడుతోంది. మేం ముగ్గురం పరిగెత్తాం. యాభయ్యోపడిలో పడ్డవాళ్ళం, పంచెలు ఎగ్గట్టి మరీ పరిగెత్తాం. కుర్రాళ్ళు పని ఆపి చూశారు. జిలానీ దాని పొట్టను అరచేత్తో చరిచి, "వచ్చామే పెద్దక్కా!" అని అరిచాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

లోపలికి అడుగుపెడితే అదే వాసన. నూనె, కాలిన రేకు, గోనె. పదహారేళ్ళు గోనె వాసన ఎట్లా ఉంటుంది? ఉంది. సెట్టిగారు చెప్పులు బయటే వదిలి ఎక్కాడు. గోడ తడిమాడు, కిటికీ తడిమాడు. "ఇన్నాళ్ళూ కాగితం మీదే చూశాను నాయనా" అన్నాడు.

తలుపుకు ఎదురు గోడకు, నడుమెత్తున రింగులు ఆరు, మా రోజుల్లో ఉన్నట్టే. నేను లెక్కపెట్టాను. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను.

"రిపేరు బాగా చేశారు" అన్నాను.

మన్సూర్ గోరుతో రంగు గీకాడు. "రిపేరు ఏడిదన్నా? ఫ్యాక్టరీల కొట్టిన మేకులే ఇవన్నీ. మాసికేస్తే మాకు తెల్వదా?"

జిలానీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అప్పుడు సెట్టిగారు చిన్నపిల్లాడిలా అడిగాడు, "ఎట్టా తోసేవాళ్ళో ఒక్కసారి చూపించరా?" ఆ గోడ దగ్గర నుంచి కదిలితే చాలనిపించింది నాకు. ఓ, చూపిస్తాం అన్నాను. కుర్రాళ్ళు ఇసక బస్తాలు మోసుకొచ్చారు. మా రోజుల్లో బస్తాలు రెండేసి ఒక తాళ్ళ వలలో వేసేవాళ్ళు, వల ఈడవడానికి దానికీ ఒక ఇనప రింగు ఉండేది. మన్సూర్ అలాంటి వలే ఎక్కడి నుంచో తెచ్చాడు. గోడ పక్కన నడుమెత్తు పేర్చాం. సెట్టిగారు యోహాను నిలబడే చోట, తలుపు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. నడుముకు తాడు కట్టాం. తాడు చివర కొక్కెం, గోడ రింగుకు తగిలించడానికి.

మాలో ఒక పద్ధతి ఉండేది. ఎవడి కొక్కెం వాడు వేసుకోకూడదు. మొహం తలుపు వైపుంటుంది, వెనక ఏముందో కనపడదు. పక్కవాడు వేసి, వీపు మీద రెండుసార్లు చరుస్తాడు. ఆ చరుపు తగిలాక ఇక వెనక్కి చూడటం ఉండదు.

బస్తాల వెనక్కి చెయ్యి పోనిచ్చాను. వేలికి రింగు తగిలింది. కొక్కెం వేశాను, టక్కుమంది. సెట్టిగారి వీపు మీద రెండు చరుపులు చరిచి, "కానీ!" అని అరిచాను. ఎంత హుషారుగా అరిచానో!

జిలానీ తొయ్యలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"చూడరా" అన్నాడు.

బస్తాలు పక్కకు జరిపాడు. గోడ రింగు ఖాళీగా ఉంది. కొక్కెం దాని ముందున్న వల రింగుకు ఉంది.

బస్తాలు తోస్తే వల పోతుంది. వల పోతే తాడు పోతుంది. తాడుతో మనిషి పోతాడు.

ఆ రోజు పండగ సరుకని ఎప్పటికంటే ఎత్తుగా పేర్చారు. గోడ కనపడలేదు. చేతికి తగిలింది ఇనుమేనని వేశాను. మేకు దొర్లలేదు. చప్పుడు కాలేదు. అసలు నేనేమీ చూడలేదు. తోస్తూ రేకు మీది నంబరు చూస్తున్నాను. తల తిప్పేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"వల పోతా పోతా ఆ తాడు బిగుసుకోవడం చూశా. కేకెయ్యబోయేలోపల అయిపోయింది."

"పదహారేళ్ళు చెప్పలేదే!"

"ఆ రోజు చెప్తే మర్నాడు ఎక్కేవాడివా నువ్వు? దూకేవాడివి. తర్వాతేమో నువ్వు రాహేలమ్మను చేసుకున్నావు. ఇంకెట్టా చెప్పేది? ఈ యిమానం తుక్కైపోయుంటే బాగుండని ప్రతి ఉత్తరానికీ అనుకున్నా. దొరికిందంటే మళ్ళీ నీకంటే ముందు నేనే ఎగిరా. నాదేం బుద్ధో నాకే తెలవదు."

సెట్టిగారు నడుముకు తాడుతో అట్లాగే నిలబడి ఉన్నాడు. "పుస్తకంలో మార్చమంటావా శౌరీ?" అన్నాడు.

మార్చమన్నాను.

మే 8

రింగులు ఆరూ ఉన్నాయి.

మే 10. రెంటచింతల

రాహేలు కాళ్ళకు నీళ్ళిచ్చి, "చూశావా?" అన్నది. "పెద్దక్క బాగుంది, సెట్టిగారు వాంతి చేసుకున్నాడు" అని ఏదేదో చెప్పాను. విన్నది. "సరే" అన్నది.

మే 11

తలనొప్పి. రేపు చెప్తాను.

మే 12

ఎండ నూటపదమూడు డిగ్రీలట. రేపు.

మే 13

చెప్పాను.

పొద్దున గేదెకు కుడితి పెడుతుంటే అక్కడే నిలబడి చెప్పాను. రింగు ఊడలేదు, నేను వల రింగుకు వేశాను, యోహాను నా చేతి మీదుగా పోయాడు, ఇన్నేళ్ళూ నీకూ నాకూ అబద్ధం చెప్పుకుంటూ వచ్చాను అని. రాహేలు బక్కెట కింద పెట్టింది. నావైపు చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని గుడి వైపు వెళ్ళిపోయింది.

మే 14

మాట్లాడలేదు. అన్నం పెట్టింది.

మే 15

మాట్లాడలేదు.

మే 17

గుంటూరులో ట్రైనింగు చదివే దయామణి సెలవులకు ఎప్పుడొస్తుందని అడిగాను. జవాబు లేదు. మూట సర్దుకుని వాళ్ళ పుట్టింటికి ముప్పాళ్ళ పోతుందేమోనని బస్సు వేళకల్లా వాకిట్లోనే తచ్చాడుతున్నాను. ఆపడానికి కాదు. ఎందుకో నాకే తెలియదు.

మే 21. ఆదివారం

పూజ నుంచి వచ్చాక నేను అరుగు మీద కూచున్నాను. రాహేలు వచ్చి పక్కన కూచుంది. పక్కన!

"మళ్ళీ ఒకసారి చెప్పు. కొక్కెం వేశావు."

"వేశాను. తప్పుచోట వేశాను."

"వేశావు గదా?"

"వేశాను."

"యెయ్యకుండా వొదిలేశావేమో అనుకున్నానయ్యా" అన్నది. "నా కోసం వొదిలేశావేమోనని. పద్నాలుగేళ్ళు. నువ్వు మంచిగా చూసినప్పుడల్లా ఇంకా ఎక్కువ అనిపించేది. నీ పక్కన పడుకుని, ఈ చేతులేనా అని చూసేదాన్ని. పొరపాటు చేశావు. చానా పెద్ద పొరపాటు. నేను మర్చిపోను. కానీ కట్టావు."

భోరుమని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్కింటి వీరరాఘవమ్మ గారు గోడ మీదుగా చూసి, ఎవరు పోయారోనని కంగారుపడింది. ఎవరూ పోలేదు పిన్నీ అన్నది రాహేలు.

కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. బేగంపేట తీసుకెళ్ళమంది. అతను నిలబడ్డచోటు చూడాలట. దయామణిని కూడా తీసుకెళ్ళాలి, అక్కడ నువ్వే నీ నోటితో చెప్పాలి అన్నది. చెప్తానన్నాను. జిలానీకి కార్డు రాయడానికి లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"యోహానుకు ఎత్తంటే కళ్ళు తిరిగేయి. నీకు తెలుసా?"

ఈ కాపురంలో ఆమె నోట ఆ పేరు వినడం, కళ్ళంలో గొడవతో కలిపితే, ఇది రెండోసారి. నాకు తెలియదన్నాను. పదకొండు నెలలు తలుపు దగ్గర అతని పక్కన నిలబడ్డాను, నాకు తెలియదు.

"గడ్డివామి మీదికి కూడా ఎక్కేవాడు కాదు. మా అన్న ఎగతాళి చేసేవాడు. అందుకే పటాలం నుంచి రాస్తే ఫాదరు చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నా, ఈ మనిషి తెరిచిన తలుపు దగ్గర ఎట్టా నిలబడతాడా అని."

"ఏమని రాశాడు?"

"ఎనకాల శౌరి ఉంటాడు, రెండుసార్లు చరుస్తాడు, అప్పుడిక భయం ఉండదు అని."